ఊరి బాట పెద్ద రహదారిని కలియుచోట: ‘దారి యిమ్ము’ గుర్తు, దాని యుపయోగము

మన గ్రామములకు రహదారులు వచ్చినవి. 2000వ సంవత్సరము డిసెంబరు 25న ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన ప్రారంభమైన పిమ్మట, ఒకప్పుడు వానకాలమున మోకాటి లోతు బురదతో నుండిన బాటలెన్నో తారు రోడ్లైనవి. ధాన్యము సకాలమున మార్కెట్టుకు చేరుచున్నది. నిండు గర్భిణి మంచముపై గాక వాహనముపై ఆసుపత్రికి పోవుచున్నది. పిల్లలు సైకిళ్లపై ఉన్నత పాఠశాలకు పోవుచున్నారు. ఇది మనమందరము సంతోషింపదగిన విషయము.

అయితే క్రొత్తగా వేసిన ప్రతి గ్రామ రహదారియు ఎచ్చటనో ఒకచోట పెద్ద రహదారిని కలియక తప్పదు. బాట మట్టిదై గుంటలతో నుండినంత కాలము అచ్చటికి వచ్చు బండి తనంత తానే నెమ్మదించెడిది. ఆ గుంటలే కాపలా కాసెడివి. ఇప్పుడు బాట నునుపైనది. మోటారు సైకిలు ఊరిలోనుండి వచ్చిన వేగముతోనే పెద్ద రహదారి మీది కెక్కుచున్నది. పెద్ద రహదారిపై లారీ తన వేగమున తాను వచ్చుచున్నది. ఇద్దరిలో ఎవ్వడు ఆగవలెనో ఇద్దరికిని తెలిసియుండనిచో, ఆ నిర్ణయము చేయుటకు వారికి మిగులునది రెండు మూడు సెకనులు మాత్రమే.

ఆ నిర్ణయమును ముందుగానే చేసి, నిలువెత్తు కంబముపై నిలిపి చూపునదే ‘దారి యిమ్ము’ గుర్తు. ఆంగ్లమున దీనిని ‘గివ్ వే’ అనియు, అమెరికా దేశమున ‘యీల్డ్’ అనియు వ్యవహరింతురు. ఈ గుర్తు భావమేమి, అది ఎవరికి వర్తించును, దానిని సార్థకము చేయుటకు గ్రామ పంచాయతీ చేయవలసిన పని యేమి అను విషయములను ఈ వ్యాసమున వివరించుచున్నాము.

విషయపు తీవ్రత

కేంద్ర రోడ్డు రవాణా మంత్రిత్వ శాఖ ప్రకటించిన లెక్కల ప్రకారము 2022వ సంవత్సరములో మన దేశమున 4,61,312 రోడ్డు ప్రమాదములు జరిగినవి. వానిలో 1,68,491 మంది మరణించిరి. 4,43,366 మంది గాయపడిరి. అనగా దినమునకు సగటున 460 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరన్నమాట. ఈ మరణములలో సుమారు మూడింట రెండు వంతులు గ్రామీణ ప్రాంతములలోనే సంభవించినవి. మృతులలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనములపై ప్రయాణించుచుండినవారు.

రోడ్డు ప్రమాదము పట్టణముల బెడద యని మన గ్రామములలో ఇప్పటికిని పలువురు తలంచుచున్నారు. పై లెక్కలు ఆ తలంపు సరికాదని తెలుపుచున్నవి. పట్టణమున వాహనములు క్రిక్కిరిసి నెమ్మదిగా కదలును. కూడలి యందు దీపములుండును, పోలీసు ఉండును. ఊరి మొగదల నున్న కూడలిలో ఇవేవియు నుండవు. వేగము మాత్రముండును. ఇట్టిచోట మనిషి ప్రాణమునకు కాపు రెండే: ఒకటి గుర్తు, రెండవది ఆ గుర్తును ఎరిగిన మనస్సు.

గుర్తు రూపము

‘దారి యిమ్ము’ గుర్తు తలక్రిందులైన త్రికోణము. మొన క్రిందికి, పీట పైకి ఉండును. నేల తెలుపు, అంచు ఎరుపు. లోపల బొమ్మ గాని అంకె గాని ఉండదు. కంబముపై నుండు ఇతర త్రికోణపు గుర్తులన్నిటికిని మొన పైకే ఉండును. అవి మలుపు, వంతెన, బడి, పశువులు మున్నగువానిని గూర్చి హెచ్చరించును. హెచ్చరికను విని మెలగుట మన వివేకము. ‘దారి యిమ్ము’ అట్టిది కాదు. అది ఆజ్ఞ. ఆజ్ఞకును హెచ్చరికకును భేదము దూరమునుండియే తెలియవలెనను ఉద్దేశముతోనే దాని మొనను క్రిందికి త్రిప్పిరి. దుమ్ము పట్టి రంగు మాసినను ఆకారమును బట్టి పోల్చుకొనవచ్చును.

కుటుంబ నియంత్రణ ప్రచారమునకు వాడిన ఎర్ర త్రికోణము కూడ మొన క్రిందికి నుండునదే గనుక కొందరు పెద్దలు ఈ రెండింటిని ఒకటిగా భావించుట కలదు. ఆ త్రికోణము నిండ ఎర్రగా నుండును. ‘దారి యిమ్ము’ గుర్తునకు అంచు మాత్రమే ఎరుపు. గ్రామసభలో ఈ భేదమును ఒక్కసారి చూపినచో చాలును.

దీనికి అన్నవంటిది ‘ఆగుము’ గుర్తు. అది ఎనిమిది కోణములు గలది. ఎర్రని నేలపై తెల్లని అక్షరములుండును. ‘ఆగుము’ అన్నచోట దారి ఖాళీగా నున్నను లేకున్నను చక్రము పూర్తిగా నిలువవలసినదే. ‘దారి యిమ్ము’ అన్నచోట వేగము తగ్గించి, ఇరుప్రక్కల చూచి, వాహనము వచ్చుచున్నచో ఆగవలెను. రానిచో ఆగకయే మెల్లగా సాగవచ్చును. ప్రక్కలు బాగుగా కనిపించు కూడలికి రెండవది చాలును. గోడయో మలుపో అడ్డమై, ఆగి తొంగిచూచినగాని కనిపించని కూడలికి మొదటిది తగియుండును.

గుర్తుతోపాటు రోడ్డుపై గీతలు కూడ ఉండును. ‘దారి యిమ్ము’ అన్నచోట బాటకడ్డముగా తెల్లని తునకల గీతలు జంటగా వేయుదురు. ‘ఆగుము’ అన్నచోట తెంపులేని గీత వేయుదురు. ముందు చక్రము ఆ గీతను దాటకుండ నిలుపవలెను.

గుర్తు పుట్టుక

ఈ గుర్తు చరిత్ర పెద్దది కాదు. అమెరికాలోని ఓక్లహోమా రాష్ట్రమున టల్సా అను నగరము కలదు. అచ్చటి పోలీసు అధికారి క్లింటన్ రిగ్స్ అను నతడు దీనిని యోచించెను. 1950లో ఆ నగరములో ప్రమాదములకు పేరుపొందిన ఒక కూడలి యందు దీనిని మొదట నిలిపిరి. నాడది పసుపు నేలపై నల్లని అక్షరములతో నుండెను. 1954లో ఆ దేశపు రహదారి గుర్తుల ప్రమాణ గ్రంథమున చేరెను. 1971లో ఎరుపు తెలుపు వర్ణములను ధరించెను. ఈలోగా 1968లో వియన్నా నగరమున రహదారి గుర్తులపై జరిగిన అంతర్జాతీయ ఒడంబడికలో తలక్రిందులైన త్రికోణమునే ఇందులకు నిర్ణయించిరి.

రిగ్స్ ఉద్దేశములో ఒక విశేషమున్నది. కూడలిలో రెండు వాహనములు ఢీకొన్న తరువాత ఇరువురును ‘దారి నాది’ అనియే వాదింతురు. ఎవరి బాధ్యత ఎంతయో ముందుగనే నిర్ణయమై యుండవలెనని ఆయన తలచెను. కాబట్టి ఈ గుర్తు ప్రమాదమును నివారించుటకే గాక, తప్పు ఎవరిదో తేల్చుటకు కూడ ఆధారమగుచున్నది.

మన దేశమున గుర్తుల కొలతలు, రంగులు, నిలుపు విధానము నిర్ణయించునది 1934లో ఏర్పడిన భారత రోడ్డు కాంగ్రెసు. 1988వ సంవత్సరపు మోటారు వాహనముల చట్టము 119వ సెక్షను ప్రకారము ఆజ్ఞా రూపమైన గుర్తును పాటించుట ప్రతి డ్రైవరు విధి.

ఎవరు ఎవరికి దారి యియ్యవలెను

పొలము గట్టుమీద ఎదురెదురుగ ఇద్దరు వచ్చినప్పుడు నెత్తిన మోపు గలవానికి వట్టి చేతులవాడు ప్రక్కకు తొలగును. ఇది మనకు ఎవరును వ్రాసి చెప్పిన నియమము కాదు. మోపు గలవాడు చప్పున ప్రక్కకు జరుగలేడని ఎరిగి చేయు మర్యాద. రహదారి నియమము వెనుకను ఇట్టి యోచనయే కలదు. పెద్ద రహదారిపై వేగముగా వచ్చు వాహనము చప్పున ఆగలేదు. ప్రక్క బాటనుండి వచ్చునది అప్పటికే నెమ్మదించియున్నది గనుక సులభముగా ఆగగలదు. ఆగగలిగినవాడు ఆగుటయే ఈ నియమపు సారము.

మోటారు వాహనములు నడుపుటకు 1989లో ఒకసారి, 2017లో మరల నిబంధనలు చేసిరి. కూడలిలో దీపములు గాని పోలీసు గాని లేనప్పుడు పాటించవలసిన క్రమము ఇట్లున్నది:

ఒకటి: ప్రక్క బాటనుండి ప్రధాన రహదారిలో ప్రవేశించువాడు ప్రధాన రహదారిపై పోవు వాహనములకు దారి యియ్యవలెను.

రెండు: రెండు బాటలును సమానమైనవైనచో తన కుడిచేతి వైపునుండి వచ్చు వాహనమునకు దారి యియ్యవలెను. రెండు పంచాయతీ రోడ్లు కలిసికొను నాలుగు బాటల కూడలి యందు ఈ నియమమే ఆధారము.

మూడు: నడుమ గుండ్రని దిమ్మె కట్టిన కూడలి యందు, అప్పటికే దిమ్మె చుట్టు తిరుగుచున్న వాహనమునకు క్రొత్తగా వచ్చువాడు దారి యియ్యవలెను.

నాలుగు: ఆంబులెన్సు, అగ్నిమాపక వాహనము అత్యవసరపు పనిపై వచ్చునప్పుడు అందరును తొలగి దారి యియ్యవలెను.

ఈ క్రమములో వాహనపు వెల గాని, పరిమాణము గాని, లోపల కూర్చున్నవారి హోదా గాని ఎచ్చటను చెప్పబడలేదు. ఇది మన సభ్యులు ముఖ్యముగ గమనింపదగిన సంగతి. ప్రధాన రహదారిపై ఎడ్లబండి పోవుచున్నను, ప్రక్క బాటనుండి వచ్చు అధికారి కారు దానికొరకు ఆగవలసినదే. సర్పంచి మోటారు సైకిలు ఊరి బాటనుండి వచ్చినను, రహదారిపై పోవు పాలవాని సైకిలునకు దారి యియ్యవలసినదే. హక్కు బాటను బట్టి వచ్చునది. మనిషిని బట్టి వచ్చునది కాదు.

దీనికి మారుప్రక్క కూడ కలదు. ప్రధాన రహదారిపై పోవువానికి దారి యున్నది గదా యని అతడు కన్నులు మూసికొని పోరాదు. కూడలిని సమీపించు ప్రతి డ్రైవరును వేగము తగ్గించి, ఇతరులకు అపాయము లేదని తెలిసిన పిమ్మటనే ముందుకు సాగవలెనని నిబంధనలు చెప్పుచున్నవి. అందుకొరకే ప్రధాన రహదారిపై ప్రక్క బాట కలియుటకు ముందు మొన పైకి నున్న హెచ్చరిక గుర్తును నిలుపుదురు. అనగా ఒకే కూడలికి రెండు గుర్తులు: ప్రక్కనుండి వచ్చువానికి ఆజ్ఞ, నేరుగా పోవువానికి హెచ్చరిక. ప్రమాదము జరిగి నష్టపరిహారపు ట్రిబ్యునలు ఎదుటికి వ్యవహారము పోయినప్పుడు ఇరువురి జాగ్రత్తను, అజాగ్రత్తను తూచి చూతురు.

ఎంత దూరమున వాహనమున్న దాటవచ్చును

‘లారీ చాల దూరమున నున్నది, దాటవచ్చు ననుకొంటిని’ అను మాట ప్రమాదము జరిగిన తరువాత తరచు వినబడును. ‘చాల దూరము’ ఎంతయో లెక్క వేసి చూతము.

గంటకు 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ ఒక సెకనులో సుమారు 17 మీటర్లు పోవును. గంటకు 80 కిలోమీటర్లైనచో 22 మీటర్లు పోవును. ఇక ఊరి బాటనుండి ధాన్యపు బస్తాలతో వచ్చి ఆగిన ట్రాక్టరును తలంపుడు. ట్రాక్టరు, ట్రాలీ కలిసి సుమారు 9 మీటర్ల పొడవుండును. రహదారి వెడల్పు 7 మీటర్లు. ఆగినచోటు రోడ్డు అంచునకు 2 మీటర్లు వెనుక. ట్రాలీ కడపటి చక్రము ఆవలి అంచు దాటవలెనన్నచో ఆ ట్రాక్టరు మొత్తము 18 మీటర్లు కదలవలెను. బరువుతో కదలు ట్రాక్టరు మొదట మనిషి నడక వేగముతోనే పోవును గనుక, ఇందులకు ఇంచుమించు 13 సెకనులు పట్టును. ఈ 13 సెకనులలో 60 కిలోమీటర్ల వేగముతో వచ్చు లారీ సుమారు 220 మీటర్లును, 80 కిలోమీటర్ల వేగముతో వచ్చునది సుమారు 290 మీటర్లును ముందుకు వచ్చును.

అదే రహదారిని మోటారు సైకిలు నాలుగైదు సెకనులలో దాటిపోవును. కాబట్టి ముందున్న మోటారు సైకిలు దాటినది గదా యని వెనుకనున్న ట్రాక్టరు బయలుదేరుట ఎంతయు అపాయకరము. ఎవరి దూరము వారు లెక్కించుకొనవలెను.

డ్రైవరు అడ్డును చూచి, బ్రేకు నొక్కి, వాహనమును ఆపుటకు పట్టు దూరమును గూర్చి మన రోడ్డు ఇంజనీర్లు వాడుక చేయు లెక్కలు కొన్ని కలవు. గంటకు 40 కిలోమీటర్ల వేగమునకు 45 మీటర్లు, 60 కిలోమీటర్లకు 80 మీటర్లు, 80 కిలోమీటర్లకు 120 మీటర్లు, 100 కిలోమీటర్లకు 180 మీటర్లు. వేగము రెట్టింపైనచో దూరము రెట్టింపు మాత్రమే గాక ఇంచుమించు మూడు రెట్లగుచున్నదని 40 కిలోమీటర్లకును 80 కిలోమీటర్లకును గల భేదము వలన తెలియగలదు. ఇది బ్రేకు సరిగా నుండి రోడ్డు బాగుగా నున్నప్పటి మాట. తడిరోడ్డుపై, అరిగిన టైర్లతో, అధికమైన బరువుతో వచ్చు లారీకి ఇంకను ఎక్కువ కావలెను.

దాటువాడు మొదట కుడివైపు, తరువాత ఎడమవైపు, మరల కుడివైపు చూడవలెను. మనము ఎడమ ప్రక్కన నడుపువారము గనుక రోడ్డెక్కగనే మొదట మీదికి వచ్చునది కుడివైపు వాహనమే. బస్సు దాటిపోయిన వెంటనే కదలరాదు. దాని చాటున మోటారు సైకిలు ఉండవచ్చును. ఎడమకు తిరుగువాడును రెండు వైపులు చూడవలెను. ఎడమనుండి వచ్చు లారీని వెనుకనుండి మరొకటి దాటుచున్నచో, అది మనము ఎక్కబోవు సగములోనికే వచ్చును.

గుర్తొక్కటి చాలదు, చూపు కావలెను

ఇప్పుడు పంచాయతీ పాత్రకు వచ్చుచున్నాము. ‘దారి యిమ్ము’ అని ఆజ్ఞాపించుటకు ముందు ఎవరికి దారి యియ్యవలెనో కనిపించునట్లు చేయుట అవసరము. కనిపించని వాహనమునకు ఎవరును దారి యియ్యలేరు. మన గ్రామముల మొగదలను పరికించినచో చూపునకు అడ్డమైనవి ఎన్నియో యుండును. మలుపులో సర్కారు తుమ్మ గుబురుగా పెరిగియుండును. జొన్న, మొక్కజొన్న, చెరకు రోడ్డు అంచువరకు ఎదిగియుండును. గడ్డివాము, పిడకల కుప్ప, టీ దుకాణపు పాక, శుభాకాంక్షల ఫ్లెక్సీ బల్లలు, స్వాగత ద్వారపు స్తంభములు ఉండును. ఒక్కొక్కచోట గుర్తే కొమ్మల చాటున దాగియుండును. ఇంకొకచోట దానిపై ఎన్నికల కాగితమంటించి యుందురు.

వీనిలో పెక్కింటిని తొలగించుటకు నిధులు అక్కరలేదు, తీర్మానము చాలును. గ్రామ రోడ్లను బాగుచేయించుట, వీధి దీపములు వెలిగించుట పంచాయతీ విధులలోనివే. ఊరి బాటపై ఆక్రమణలను తొలగింపజూచుటయు పంచాయతీ పనియే. రోడ్డు చివర ఇరువది గజముల తుమ్మపొదను నరికించుట, దాని ప్రక్కనే గడ్డివాము వేయరాదని రైతునకు నచ్చజెప్పుట, ఫ్లెక్సీలను కూడలి మూలలో కట్టరాదని నిర్ణయించుట సభ్యుల మాటతో జరుగవలసిన పనులు.

కూడలిని పరీక్షించుటకు సులభమైన విధానమొకటి చెప్పుచున్నాము. ముగ్గురు సభ్యులు పోయినచో చాలును. డ్రైవరు కన్ను నేలనుండి 1.2 మీటర్ల ఎత్తున నుండునని ఇంజనీర్లు లెక్క వేయుదురు. ఒకరు ఊరి బాటపై, ఆగు గీత ఉండవలసినచోట, కన్ను ఆ ఎత్తునకు వచ్చునట్లు వంగి లేక కూర్చుండి చూడవలెను. రెండవవారు ప్రధాన రహదారి అంచున, తారు మీద గాక ప్రక్క మట్టిపై, కుడివైపుగా అడుగులు లెక్కించుచు నడువవలెను. మూడవవారు వాహనములను కనిపెట్టి వారిని హెచ్చరించుచుండవలెను. నడచువారు కనుమరుగైనచోట అడుగుల సంఖ్యను వ్రాసికొనవలెను. పిమ్మట ఎడమవైపును అట్లే చేయవలెను. సామాన్యముగా అడుగు ముప్పాతిక మీటరుండును. 120 మీటర్లకు 160 అడుగులు, 180 మీటర్లకు 240 అడుగులు. వాహనములు 80 కిలోమీటర్ల వేగముతో వచ్చు రహదారిపై 160 అడుగుల లోపుననే మనిషి కనుమరుగైనచో ఆ కూడలి ప్రమాదకరమైనదని గ్రహింపవలెను. ట్రాక్టర్లు దాటుచోటికి అంతకు రెట్టింపు కంటె ఎక్కువ చూపు కావలెనని పై లెక్క వలన తెలిసినదే గదా. చెట్టును నరికిన పిమ్మటను చూపు చాలనిచో, అచ్చట ‘ఆగుము’ గుర్తు కావలెనని కోరుట మంచిది.

బాట మట్టము కూడ గమనింపవలెను. ప్రధాన రహదారి ఎత్తుగాను, ఊరి బాట పల్లముగాను ఉన్నచో బరువు బండి ఏటవాలుపై నిలువజాలదు. వెనుకకు జారునను భయముతో డ్రైవరు ఆగకుండ ఒక్క ఊపున ఎక్కివేయును. గుర్తును ధిక్కరించినది అతడైనను, ధిక్కరింపజేసినది ఏటవాలు. ట్రాక్టరు, ట్రాలీ నిలుచునంత దూరము కూడలి వద్ద బాటను చదునుగా చేయించవలెనని ఇంజనీర్లను కోరవలెను.

చేయరాని పనులు

ప్రమాదము జరిగిన మరునాడు కోపముతో గ్రామస్థులు ప్రధాన రహదారిపై మట్టితోనో రాళ్లతోనో అడ్డుకట్ట వేయుట కలదు. వారి దుఃఖము సహజమైనదే. కాని రాత్రివేళ ఆ కట్ట కనిపించక మరొక ఇంటి బిడ్డ మోటారు సైకిలుపైనుండి పడిపోవును. వేగనిరోధకము అవసరమైనది ప్రక్క బాటపై, కూడలికి ముందు. దానికిని ప్రమాణము కలదు. భారత రోడ్డు కాంగ్రెసు సూచించిన ఒక నమూనా 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పుతో గుండ్రముగా నుండును. గంటకు 25 కిలోమీటర్ల వేగముతో పోవువాడు కుదుపు లేకుండ దానిని దాటగలడు. దానిపై తెల్లని చారలు, దానికి ముందు హెచ్చరిక గుర్తు ఉండవలెను. నిటారుగ లేచిన సన్నని దిమ్మె వేగనిరోధకము కాదు, అది నడుము విరుచునది.

పంచాయతీ తానై గుర్తును వ్రాయించి పాతుటయు సరికాదు. మోటారు వాహనముల చట్టము 116వ సెక్షను ప్రకారము గుర్తులు నిలుపు అధికారము రాష్ట్ర ప్రభుత్వమునకును, అది అధికారమిచ్చిన సంస్థకును కలదు. మామూలు రంగుతో వ్రాసిన గుర్తు పగలు కనిపించినను రాత్రి కనిపించదు. ప్రమాణము ప్రకారము చేసిన గుర్తుపై దీపపు వెలుతురును తిరిగి ప్రసరింపజేయు పూత ఉండును.

గుర్తును పెరుకుట, చెరుపుట, మార్చుట అదే సెక్షను క్రింద నిషిద్ధము. పొరపాటున వాహనము తగిలి గుర్తు పడిపోయినచో, ఆ సంగతిని సాధ్యమైనంత త్వరగా, ఎట్లైనను 24 గంటలలోపల పోలీసు వారికి తెలుపవలెను. గుర్తు కంబమునకు పశువులను కట్టుట, తోరణపు త్రాళ్లు బిగించుట, రేకును ఇంటి అవసరమునకు విప్పుకొని పోవుట మున్నగు పనులు చిన్నవిగా తోచును. కాని ఆ రేకు లేని రాత్రి క్రొత్తవాడొకడు ఆ బాటన వచ్చినచో, అచ్చట పెద్ద రహదారి యున్నదని అతనికి చెప్పువారెవ్వరు?

ఎవరికి వ్రాయవలెను

ఊరి బాట పంచాయతీరాజ్ శాఖదైనచో మండలములోని పంచాయతీరాజ్ ఇంజనీరునకు వ్రాయవలెను. ప్రధాన రహదారి రాష్ట్ర రహదారియో జిల్లా రహదారియో ఐనచో రోడ్లు భవనముల శాఖకును, జాతీయ రహదారియైనచో ఆ రహదారిని నిర్వహించు అధికారులకును ప్రతిని పంపవలెను. చట్టము 215వ సెక్షను ప్రకారము జిల్లాకొక రహదారి భద్రతా సంఘమును ఏర్పరచు వీలు కలదు. మీ తీర్మానమును దాని దృష్టికి తెచ్చుట మేలు.

తీర్మానములో ‘మా ఊరి కూడలి ప్రమాదకరముగా నున్నది, చర్య తీసికొనగోరెదము’ అని మాత్రమే వ్రాసినచో దాని బరువు తక్కువ. కుడివైపు ఎన్ని అడుగుల దూరము కనిపించినది, ఎడమవైపు ఎంత, అడ్డమైనదేమి, పంచాయతీ తన వంతుగ ఏమి తొలగించినది, ఇంకను కావలసినది ‘దారి యిమ్ము’ గుర్తా, ‘ఆగుము’ గుర్తా, గీతలా, దీపమా, మట్టపు సవరణా అని వివరముగ వ్రాయవలెను. గడచిన సంవత్సరములలో అచ్చట జరిగిన ప్రమాదముల తేదీలను చేర్చవలెను. తన పని తాను చేసి మిగిలినదానిని అడుగువాని మాటను త్రోసివేయుట ఎవరికైనను కష్టము.

నేర్పవలసిన పని

గుర్తు నిలిచిన దినమున పని ముగియదు. ట్రాక్టరు నడుపు యువకులలో పలువురు పొలము పనిలోనే నడుపుట నేర్చినవారు. పొలములో గుర్తులుండవు. వారిని, ఆటో నడుపువారిని, పాల వ్యానువారిని ఒక సాయంకాలము కూడలి వద్దకే పిలిచి, నిలుచువలసిన గీత, చూడవలసిన క్రమము చూపించుట ఉపన్యాసముకంటె ఫలించును. బడిలో ఉపాధ్యాయులు అట్టతో త్రికోణము చేయించి పిల్లలచేత ఆట రూపమున నేర్పవచ్చును. పిల్లవానికి తెలిసినచో, తండ్రి వెనుక కూర్చున్నప్పుడు ‘నాన్నా, ఆగు’ అని వాడే చెప్పగలడు. కోతలకాలమున ట్రాలీలకు వెనుక ఎర్రని మెరుపు పలకలు ఉన్నవో లేవో చూచుట, కూడలికి దగ్గరగా రోడ్డుపై ధాన్యమారబోయకుండ కల్లములకు చోటు చూపించుట కూడ ఇందులోని భాగమే.

దారి యిచ్చినవాడు ఓడిపోడు. అతనికి పోవునది పది పదిహేను సెకనులు. ఆ పదిహేను సెకనులు ఆగలేక మన జిల్లాలలో ఎన్ని యిండ్లలో దీపములారినవో సభ్యులకు తెలియనిది కాదు. రాబోవు గ్రామసభ నాటికి ప్రతి పంచాయతీయు తన పరిధిలోని కూడలులను ఒక్కసారి నడచి చూచి, అడుగులు లెక్కించి, అడ్డములను తొలగించి, లేని గుర్తుల జాబితాను సిద్ధపరచవలెనని కోరుచున్నాము. ఒక కొడవలి, ఒక పలక, ముగ్గురు సభ్యులు, ఒక పూట సమయము ఉన్నచో ఈ పని మొదలుపెట్టవచ్చును.